వంతెన మీద ఓటర్లుండరు

షాపు నుంచి, సోమవారం

పెద్దతల్లికి నాన్న దీవెనలు.

చెల్లి నిలబడుతోందే తల్లీ, చైర్మన్ సీటుకి మన చిన్నది నిలబడుతోంది. ముందు ఆ ముక్క చదువుకుని, పొయ్యి మీద ఏదన్నా ఉంటే దించేసి వచ్చి మిగతాది చదువు.

ఫోను చేద్దామనే తీశాను. మీ అమ్మ లాక్కుంది. “నువ్వు మాట్లాడితే ఫోను ఎందుకు, కిటికీ తెరిస్తే చాలు, దానికి వినపడుతుంది” అంది. అందుకని రాస్తున్నాను. అక్షరాలు కుట్టు తప్పినట్టు పోతున్నాయి, సర్దుకో.

గుర్తు ఏమిచ్చారో తెలుసా, కత్తెర. నేను అడిగి ఇప్పించింది కాదు. పార్టీ లేనివాళ్లకి మిగిలిన వాటిలో దువ్వెన, తాళంకప్ప, కత్తెర ఉన్నాయట. చీటీ తీస్తే చేతికి కత్తెర వచ్చిందట. టైలరు కూతురికి కత్తెర. దాన్నేమంటారో నువ్వే చెప్పు.

మన ఊరి సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, అయినా ఈ పూట చెప్పకుండా ఉండలేను. మన ఊళ్లో ఓటు మనిషి వెయ్యడు, వీధి వేస్తుంది. వంతెనకి ఇవతల బజారు వాళ్లం పడవకి. అవతల మిల్లు క్వార్టర్స్ వాళ్లు నిచ్చెనకి. మా నాన్న పడవ, నేను పడవ, నా కుట్టుమిషన్‌కి ఓటుంటే అదీ పడవే. గెలిచినవాడు తన వైపు రోడ్డు వేసుకుంటాడు. ఓడినవాడు తన వైపు గుంతలు చూపించి మళ్లీ అడుగుతాడు. మధ్యలో వంతెన మాత్రం ఎవరికీ పట్టదు. వంతెన మీద ఓటర్లుండరు కదా.

పిట్టగోడ పడిపోయి ఎంత కాలమైందో నీకు తెలుసు. మొన్న వానల్లో మన చిన్నది నడిపే వ్యాను వెనక చక్రం అంచు దాటి గాల్లోకి పోయింది. లోపల మిల్లు ఆడవాళ్లు నిండా ఉన్నారు. నీకు రాయొద్దని అదే అంది, రాయలేదు. అందరూ దిగారు, అందరూ బాగున్నారు. తర్వాత అది పడవ ఆఫీసుకి పోతే “వంతెన అవతలి వాళ్లదమ్మా” అన్నారట. నిచ్చెన ఆఫీసుకి పోతే “ఇవతలి వాళ్లదమ్మా” అన్నారట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, “నాన్నా, అయితే నాదే అన్నమాట” అంది. అంతే, నామినేషన్ వేసేసింది.

అల్లుడికి చెప్పు. గట్టిగా చెప్పు.

నాన్న

•

మిల్లు రెండో యూనిట్ నుంచి, శుక్రవారం

నాన్నా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత భయపడ్డాను. వ్యాను సంగతి ఇన్నాళ్లూ దాచినందుకు మీ ముగ్గురితోనూ నాకు తగువుంది. అది ఎదురుపడ్డప్పుడు తేల్చుకుంటాను.

చెల్లికి వేరే రాశాను. నీకు ఒక్క మాట. సంతోషించు, కాని నోటితో సంతోషించకు. నీ షాపుకి వంతెన ఇవతలి వాళ్లూ వస్తారు, అవతలి వాళ్లూ వస్తారు. ఎవరు ఏమన్నా కొలతలు రాసుకుని ఊరుకో. ఫలానా వాళ్లు ఫలానా గుర్తుకి వేస్తారన్న మాట నీ నోట రాకూడదు. ఎందుకని అడగొద్దు.

ఆయన డ్యూటీకి వెళ్లారు. ఇంకా చెప్పలేదు. చెప్తాను.

నీ పెద్దది

•

షాపు నుంచి, బుధవారం

పెద్దతల్లికి,

నోటితో సంతోషించకు అన్నావు. ఇది నోరు కాదు, కలం. కనక విను.

మిల్లులో స్పిన్నింగ్ వరసకి పెద్దదిక్కు ఉంది చూడు, అందరూ మేస్త్రమ్మ అంటారు, కొత్త ఆప్రాన్లకి కొలతలివ్వడానికి వచ్చింది. నేను భుజానికి టేపు పెట్టానో లేదో, గొంతు తగ్గించి, “టైలరన్నా, మా వరసంతా నీ కూతురికే” అంది. నాకు టేపు జారింది.

“ఆ రోజు వ్యానులో ఉన్నది మేమే. నీ కూతురు చక్రాల కింద రాళ్లు పెట్టించి, మమ్మల్ని ఒక్కొక్కరినీ దింపి, చివర్న తను దూకింది. అది మర్చిపోయే సంగతి కాదు. కాని అన్నా, ఈ మాట నీ టేపులాగే చుట్టి జేబులో పెట్టుకో. మా ఇళ్లు మావి కావు, మిల్లువి” అంది.

పెట్టుకున్నాను తల్లీ. జేబులోనే పెట్టుకున్నాను. ఆమె గుమ్మం దాటేదాకా పెట్టుకున్నాను. తర్వాత నీకేం దాచను, టీ కొట్టాయన వచ్చి “ఏం బాబాయ్, మొహం అలా వెలుగుతోంది” అంటే, వంతెన అవతల కూడా కత్తెర ఆడుతోందన్నాను. ఎవరట అన్నాడు. స్పిన్నింగ్ వరసంతా అన్నాను. మనవాడే, చిన్నప్పటి నుంచీ పడవ మనిషి. షాపులో ఇంకెవరూ లేరు.

పుట్టి బుద్ధెరిగాక క్వార్టర్స్ నుంచి ఒక వరసంతా ఇవతలి మనిషికి ఓటెయ్యడం నేను చూడలేదు. చూడబోతున్నాను.

నాన్న

•

రెండో యూనిట్ నుంచి, శనివారం

నాన్నా,

షాపులో ఇంకెవరూ లేరని ఎందుకు రాశావు? నువ్వు ఉన్న సంగతులు రాస్తావుగాని లేనివి ఎప్పుడూ రాయవు. ఎవరున్నారు? కుర్చీలో ఎవరు, గుమ్మంలో ఎవరు, అన్నీ రాయి. వెంటనే రాయి.

నీ పెద్దది

•

షాపు నుంచి, మంగళవారం

తల్లీ,

ట్రయల్ రూంలో మనిషి ఉన్నాడు.

మిల్లు టైంకీపరు. నడుము దగ్గర ప్యాంటు బిగువైందంటే విప్పి ఇమ్మన్నాను. తెర వెనక నిలబడ్డాడు. ఆయన ప్యాంటు నా మిషన్ సూది కిందే ఉంది తల్లీ, నేను దాన్ని కుడుతూనే మాట్లాడాను. ఆ ప్యాంటుకో మనిషి ఉన్నాడని మర్చిపోయాను. ఇన్నేళ్ల టైలరుని, బట్ట కనపడింది, మనిషి కనపడలేదు.

మేస్త్రమ్మ చెప్పినప్పుడు లేడు, టీ కొట్టాయనతో నేను అన్నప్పుడున్నాడు. ప్యాంటు తొడుక్కుని డబ్బులిచ్చి, “కుట్టు బాగుంది” అని వెళ్లిపోయాడు. ఆ మాట తీరు అప్పుడే బాగా లేదనిపించింది. నీకు భయం ఎందుకని రాయలేదు.

నిన్న మిల్లు మేనేజరు స్పిన్నింగ్ వాళ్లందర్నీ షెడ్డు బయట నిలబెట్టాడట. అరవలేదట. నెమ్మదిగానే అన్నాడట. “క్వార్టర్స్ పెట్టె విడిగా తెరుస్తారు, విడిగా లెక్కిస్తారు, నేను అక్కడే కూర్చుంటాను. అందులోంచి కత్తెర బయటికొస్తే అది ఎవరిదో నాకు ముందే తెలుసు. ఇళ్లు ఖాళీ చేయించడానికి నాకు పెద్ద టైం పట్టదు.”

మేస్త్రమ్మ నన్ను తిట్టడానికి కూడా రాలేదు. చిన్నది ఓట్ల కోసం సందుల్లో తిరగడం మానేసి నామినేషన్ వెనక్కి తీసుకుంటానంటోంది. గడువు దాటిపోయిందట. మీ అమ్మ నాకు అన్నం పెట్టి, అవతలి గదిలోకి వెళ్లి తింటోంది.

మేనేజరు అంతటి పని చేస్తాడంటావా? బెదిరింపు కోసం అన్నాడేమో. మనుషులు కదా.

నాన్న

•

రెండో యూనిట్ నుంచి, శుక్రవారం

నాన్నా,

చేస్తాడు. నాకు తెలుసు.

మాకు ప్రమోషన్ మీద బదిలీ అయిందని నీకు చెప్పాం. నువ్వు బజారంతా చెప్పుకున్నావు. అది ప్రమోషన్ కాదు. పోయిన ఎన్నికల్లో ఆయన పడవకి వేశానని నీ చెవిలో అన్నారు, మామగారు సంతోషిస్తారని. నువ్వు సంతోషించావు. షాపు గుమ్మంలో నిలబడి, “మా అల్లుడు క్వార్టర్స్‌లో ఉండి కూడా పడవకే వేశాడు, మగాడంటే అలా ఉండాలి” అన్నావు. వారం తిరక్కుండా మా సామాను లారీ ఎక్కింది. యంత్రాలు విప్పి బిగించిన చేతులు నాన్నా ఆయనవి. ఇక్కడ గేటు దగ్గర స్టోరుకి కాపలా కూర్చుంటున్నారు.

నేను అప్పుడే రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. “మీ నాన్న సంతోషం మీద బతికే మనిషి. దానికి తాళం వేస్తే ఇంకేం మిగుల్తుంది ఆయనకి” అన్నారు. నేను ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకుంటే ఇంకో వీధి మొత్తం లారీ ఎక్కుతుంది.

ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఏమీ చెయ్యకు. షాపు మూసి ఇంట్లో కూర్చో.

నీ పెద్దది

•

ఇంటి నుంచి, గురువారం

పెద్దతల్లికి,

నీ ఉత్తరం చదివాక మిషన్ ముందు కూర్చున్నాను. సూదిలోకి దారం ఎక్కలేదు. కళ్లజోడు తుడుచుకున్నా ఎక్కలేదు. దాని గురించి ఇంతకంటే రాయను.

షాపు మూసి కూర్చోమన్నావు. కూర్చోలేదు, కోప్పడకు.

ఆప్రాన్లు కుట్టడం పూర్తయింది. కట్ట కట్టి నెత్తిన పెట్టుకుని మిల్లు గేటుకి పోయాను. షిఫ్టు మారే వేళ, గేటు నిండా జనం. మేనేజరు మెట్ల మీద ఉన్నాడు, పక్కనే మన టైంకీపరు. నన్ను చూసి మేనేజరు, “ఏం టైలర్, మా స్పిన్నింగ్ వాళ్లు నీ కూతురికి మాటిచ్చారటగా” అన్నాడు, అందరూ వినేట్టు.

నేను కట్ట దించి నవ్వాను. నవ్వు రాకపోయినా నవ్వాను.

“స్పిన్నింగేమిటి సార్, వీవింగ్ వాళ్లూ ఇచ్చారు. రంగుల షెడ్డు మొత్తం ఇచ్చింది. మీ డ్రైవరు కాలరు మార్పించుకోవడానికి వచ్చి ఇచ్చాడు. మీ అత్తగారు కళ్లజోడుకి సంచీ కుట్టించుకుని, కూలి బదులు ఓటు తీసుకోమంది. నిచ్చెన ఆఫీసులో జెండా మోసేవాడు, వాడి తమ్ముడు, ఇద్దరూ మనవైపే. అంతదాకా ఎందుకు, ఇదిగో ఈ టైంకీపరుగారు. మా ట్రయల్ రూంలో నిలబడి, ఒంటి మీద ప్యాంటు కూడా లేదు సార్, ఆ స్థితిలో ఒట్టేశారు, మా ఇంటిల్లిపాదీ కత్తెరకే అని.”

గేటు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. టైంకీపరు మొహం సున్నం కొట్టినట్టయింది.

“సార్, ఈ ముసలాడికి మతి లేదు సార్. నోరు తెరిస్తే కోతలే. ఈయన చెప్పిందొక్కటీ నమ్మకండి.”

“ఒక్కటీ నమ్మొద్దా?” అన్నాడు మేనేజరు.

“ఒక్కటీ సార్.”

“మరి నువ్వు నాకు తెచ్చింది కూడా ఈయన నోట్లోంచి వచ్చిందేగా?”

టైంకీపరు నా వైపు చూశాడు. నేను ఆప్రాన్లు లెక్కపెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాను. “అదీ కోతే అయుంటుంది సార్” అన్నాడాయన.

అప్పుడు నవ్వారు తల్లీ, గేటంతా నవ్వింది. ఒకడు “టైలరు బాబాయ్, ఊళ్లో గాడిదల ఓట్లు కూడా వచ్చాయా” అన్నాడు. వచ్చాయి, నీతో కలిపి, అన్నాను. ఇంకా నవ్వారు. మేనేజరు కూడా పెదవి విరిచి లోపలికి పోయాడు. మేస్త్రమ్మ ఒక్కత్తే నవ్వలేదు. తన ఆప్రాన్ తీసుకుని, కుట్టు చూసుకుని, మడత పెట్టుకుని వెళ్లింది.

సాయంత్రానికి బజారంతా పాకింది. నా పేరిప్పుడు కోతల టైలరు. చిన్నది వచ్చి తల పట్టుకు కూర్చుంది. “నాన్నా, పడవ వాళ్లు మైకులో చెబుతున్నారు, తండ్రికే మతి లేదు, కూతురు ఊరేం చూస్తుందని” అంది. ఎందుకు చేశానో చెప్పలేదు. చెబితే అది ఎక్కడైనా అంటుంది, ఎంతైనా నా కూతురు కదా. ఇంకో సంగతి, ఫలానా రోజుకి బట్ట ఇస్తానంటే జనం నవ్వుతున్నారు. ఇద్దరు గుడ్డ వెనక్కి పట్టుకుపోయారు. మా నాన్న నాకు ఇచ్చిపోయింది ఆ ఒక్కటే, ఒప్పుకున్న రోజుకి బట్ట ఇస్తాడన్న పేరు. సరే, పోనీ.

మేనేజరు నమ్మాడో, నమ్మినట్టు నవ్వాడో నాకు తెలియదు. ఓట్ల పెట్టె తెరిచేదాకా ఎవరికీ తెలియదు.

అల్లుడికి ఏమని రాయాలో తోచలేదు. ఆయన ముందు నిలబడి చెప్పాల్సిన మాట ఉత్తరంలో రాయకూడదు.

నాన్న

•

రెండో యూనిట్ నుంచి, ఆదివారం

నాన్నా,

గేటు దగ్గర నువ్వు చేసింది నీ ఉత్తరం కంటే ముందే లారీ డ్రైవర్లతో ఇక్కడికి వచ్చింది. స్టోరు దగ్గర అందరూ నవ్వుకుంటుంటే ఆయన నవ్వలేదట. ఇంటికొచ్చి, “మీ నాన్న ఉత్తరం వస్తే ఒకసారి ఇటివ్వు” అన్నారు. ఇచ్చాను. చదివి మడత పెట్టి, తిరిగివ్వకుండా చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లారు.

మేనేజరు నవ్వి మర్చిపోయే మనిషి కాదు. క్వార్టర్స్ పెట్టెలో కత్తెరలు కాసినే కనపడితే ఆ కాసిని ఎవరివని వెతుకుతాడు. అప్పుడు మళ్లీ నీ మొదటి మాటే గుర్తొస్తుంది. అసలు కనపడకపోతే వాళ్లు బతికిపోతారు, చెల్లి ఓడిపోతుంది. ఏది కోరుకోవాలో తెలియక కోరుకోవడం మానేశాను.

ఏది జరిగినా ఉన్నదున్నట్టు రాయి. ట్రయల్ రూం ఖాళీగా ఉందో లేదో చూసి రాయి.

నీ పెద్దది

•

షాపు నుంచి, బుధవారం. ట్రయల్ రూం ఖాళీ, తెర తీసి చూశాను.

పెద్దతల్లికి,

గెలిచిందే. చిన్నది గెలిచింది. రెండోసారి కూడా రాస్తాను, చిన్నది గెలిచింది.

నిన్న ముందు బజారు పెట్టె తెరిచారు. పడవ ముందుకు పోయింది, కత్తెర తడబడుతూ వెనక నడిచింది. చిన్నది నా పక్కనే ఉంది, నా చొక్కా చెయ్యి పట్టుకుని మెలిపెడుతోంది. తర్వాత క్వార్టర్స్ పెట్టె బల్ల మీద పెట్టారు. మేనేజరు చెప్పినట్టే వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. మొదటి కాగితం నిచ్చెన. రెండోది నిచ్చెన. తర్వాత ఒక కత్తెర వచ్చింది. అప్పుడు చూశాను తల్లీ, మేనేజరు తల తిప్పి స్పిన్నింగ్ ఆడవాళ్లు నిలబడ్డ మూలకి చూశాడు. ఆ ఒక్కటీ వెనక్కి పెట్టెలోకి పోతే బాగుండుననుకున్నాను. కూతురు ఓడితే బాగుండునని కోరుకున్న తండ్రిని నేనొక్కణ్ణేనేమో.

తర్వాత ఇంకో కత్తెర. ఇంకోటి. ఆపైన వరసగా మొదలయ్యాయి, నిచ్చెన మధ్యలో ఎక్కడో ఒకటి. స్పిన్నింగ్ వాళ్లొక్కళ్లే అయితే అన్ని ఉండవు. మేనేజరు వీవింగ్ వాళ్ల వైపు చూశాడు. రంగుల షెడ్డు వాళ్ల వైపు చూశాడు. డ్రైవర్ని చూశాడు. టైంకీపర్ని చూస్తే ఆయన చెమట తుడుచుకుంటున్నాడు. అందరూ గోడ మీద గడియారాన్నో పైకప్పునో చూస్తున్నారు. ఎవరి ఇల్లు ఖాళీ చేయిస్తాడు? అన్నీ చేయిస్తే మిల్లు ఎవరు నడుపుతారు? లెక్క అవకుండానే లేచి వెళ్లిపోయాడు.

మీ అమ్మ ఏమంటోందంటే, స్పిన్నింగ్ వాళ్లు తప్ప ఇంకెవరూ లేరేమోనని వెనకాడిన వాళ్లందరూ, నేను గేటు దగ్గర పేర్లు చదువుతుంటే, ఓహో వాళ్లూ ఉన్నారా అనుకుని ధైర్యం తెచ్చుకున్నారట. నేను ఆడిన అబద్ధమే వెనక నుంచి నిజమైందట. కావచ్చు, కాకపోవచ్చు. ఎవరు ఎవరికి వేశారో నాకు తెలియదు. తెలిసినా తెలియదు.

పరుగెత్తుకుంటూ బజారుకొచ్చి, మా చిన్నది గెలిచిందయ్యా అన్నాను. టీ కొట్టాయన, “అలాగే బాబాయ్, మా పిల్లి కూడా గెలిచింది, కూర్చో, టీ తాగు” అన్నాడు. ఒక్కళ్లూ నమ్మలేదు తల్లీ. మైకులో వచ్చేదాకా ఒక్కళ్లూ నమ్మలేదు. మైకులో వచ్చాక కూడా ఒకాయన, ఆ మైకు కూడా టైలరుదే అయుంటుందన్నాడు.

ఈ ఉదయం మేస్త్రమ్మ వచ్చింది. ఆప్రాన్ జేబు కాస్త కిందికి దింపాలంది. దింపాను. ఓటు సంగతి నేను ఆమెని అడగలేదు. వెళ్తూ గుమ్మంలో ఆగి, “అన్నా, శనివారానికి ఇస్తానన్న మిగతా ఆప్రాన్లు శనివారానికే ఇస్తావుగా” అంది. ఇస్తానన్నాను. “నీ మాట నాకు చాలు” అంది. ఊళ్లో నా మాట నమ్మే మనిషి ప్రస్తుతానికి ఆవిడొక్కత్తే.

చిన్నది పొద్దున్నే నా టేపు పట్టుకుని వంతెన మీదికి పోయింది, పిట్టగోడ కొలతలు తీసుకోవాలట. నా పాత టేపు, చివర అరిగిపోయింది, గోడ కొంచెం పొడుగే కడతారు, నయం.

చుట్టాలకి నేను ఫోను చేస్తే నవ్వుతున్నారు. మీ మేనమామకి చెబితే “బావా, మళ్లీ మొదలెట్టావా” అని పెట్టేశాడు. అందుకని ఈ పని నీది. నువ్వు చెబితే నమ్ముతారు. మీ మేనమామకి మళ్లీ చెప్పు. మీ చిన్నాన్నకి చెప్పు, పినతల్లికి వేరేగా చెప్పు, వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం లేదు. పెద్దత్తయ్యకి చెవి దగ్గరగా, గట్టిగా చెప్పు. చిన్నత్తయ్యకి నెమ్మదిగా చెప్పు, ఆవిడది గుండె జబ్బు. మీ బాబాయి కొడుక్కి చెప్పు, ఆడదానికి ఓట్లెవరేస్తారని పందెం కాసింది వాడే. మీ అత్తగారికి చెప్పు, వియ్యపురాలు నా మీద అలిగి ఎందుకున్నారో ఇప్పుడు అర్థమైందని కూడా చెప్పు.

అందరికంటే చివర అల్లుడికి చెప్పు. మరదలు గెలిచిందని చెప్పు. క్వార్టర్స్‌లో ఎవరెవరు వేశారు అని ఆయన అడిగితే, మామగారికి అందరూ తెలుసుగాని ఒక్కరి పేరూ చెప్పలేదని చెప్పు.

నాన్న